కకాతా సంతకం

శాంతియాగో, మార్చి 4

నాన్నా విల్కిన్,

ఫోన్‌లోనే పంపుతున్నా, ఇది ఉత్తరమే. పైన ఊరు, తేదీ, ఆ కింద పిలుపు. నువ్వూ ఇలాగే రాయాలి. ఇరవై రెండేళ్లుగా బళ్లో పిల్లలకి నేర్పుతున్నది ఇదే. సొంత మేనల్లుడు "సరే అత్తా" అని రెండు ముక్కలు పడేస్తే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

నాన్న, అదే మీ పెద్దతాత, పోయి రెండు నెలలయింది. పాల్మా సోలా బేస్‌బాల్ సంఘం వాళ్లు మన చెరకు మిల్లు పేటలోని మైదానానికి ఆయన పేరు పెడుతున్నారు. మే 14న బోర్డు మీద గుడ్డ తీస్తారు. ఆ రోజు పంచడానికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నాను. అమెరికా పెద్ద లీగ్‌లో నాన్న ఆడినవి పదకొండు మ్యాచ్‌లే. ఆ పదకొండైనా ఆడినవాడు మన పేటలో ఇంకొకడు లేడు. ఆయన్ని ఎరిగినవాళ్ల దగ్గరికి వెళ్లి, ఏం గుర్తుందో అడిగి, వాళ్లు అన్నది అన్నట్టుగా నాకు రాసి పంపు.

నలుగురిలో నీకు నోరు పెగలదని తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నా. వాగేవాడికి ఎదుటివాడి మాట వినపడదు.

మీ తాతను, మా బాబాయిని, అడిగానని చెప్పు.

ప్రేమతో,
నెరేయిదా అత్త


పాల్మా సోలా, మార్చి 11

నెరేయిదా అత్తకి

ఊరు రాశా. తేదీ రాశా. పిలుపు రాశా. తప్పులుంటే తిట్టకు, నేను చదివింది ఎనిమిదో తరగతే.

ముందు మంగలి చాగో దగ్గరికెళ్లా. వెళ్లి నిలబడ్డా. ఏం అడగాలో నోట్లోంచి రాలేదు. కటింగ్‌కి వచ్చాననుకుని కూర్చోబెట్టి సగం గొరిగేశాడు. అప్పుడు చెప్పా, పెద్దతాత గురించి అడగడానికి వచ్చానని.

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ, ముందే చెప్పొచ్చుగా! ఇప్పుడు మిగతా సగం కూడా గొరగాలి. రాసుకో. కకాతా చెయ్యి చెయ్యి కాదురా, పెద్ద సాలీడు. కకాతా అంటే అదేగా, అందుకే ఆ పేరు. ఐదు వేళ్లూ ఐదు దిక్కులకి పోయేవి. బంతి ఎటు పోయినా ఆ వేళ్లలోనే వచ్చి పడేది."

"ఆయన అసలు పేరేంటి?" అనడిగా, పుస్తకం కోసం.

"కకాతా."

"అది ముద్దు పేరు కదా."

"నాకు అదే తెలుసు. నా అసలు పేరు నీకు తెలుసా?"

తెలీదు. నిజంగానే తెలీదు అత్తా.

తర్వాత పిండి రొట్టెలు వేయించే దోన్యా తతీకా. పెద్దతాత అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా ముందు ఆవిడ బండి దగ్గర ఆగి నాలుగు రొట్టెలు తిని గానీ తల్లి దగ్గరికి వెళ్లేవాడు కాదంట. "నన్ను చేసుకుందామనుకున్నాడు, నేనే వద్దన్నా. మీ అత్తకి ఇది రాయకు" అంది. రాసేశా. అసలు పేరు అడిగితే ఆవిడా "కకాతా" అనే అంది.

చివరికి ముసలి అంపైర్ తోన్యో. కళ్లు కనపడవు ఇప్పుడు. నా గొంతు విని "ఎవరి కొడుకువి?" అన్నాడు. టైర్ల ముదో మనవణ్ణి అన్నా. ఆయన నవ్వాడు, సంతోషంగా మాత్రం కాదు.

"ఈ మైదానంలో నేను చూసిన చేతుల్లో రెండోది కకాతాది."

"మొదటిది?"

"మీ తాతనడుగు. నేను చెప్తే మీ అత్త నా నాలుక కోస్తుంది."

మా తాత బేస్‌బాల్ ఆడటం నేనెప్పుడూ చూళ్లేదు. టైర్లకి పంక్చర్లు వేస్తాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందుకేగా ఊరంతా ముదో, మూగోడు అంటారు. నువ్వు అడిగావని చెప్పా. తలూపాడు.

విల్కిన్


శాంతియాగో, మార్చి 19

నాన్నా విల్కిన్,

చక్కగా రాశావు. తతీకా ముక్క తీసేస్తాను. తోన్యోకి మతి చెదిరి చాలా ఏళ్లయింది, ఆ మాట కూడా వద్దు. అసలు పేరు నీకు తెలియదా? లియోన్సియో పెగెరో. పుట్టింది 1952. బోర్డు మీద అదే చెక్కుతున్నారు, "లియోన్సియో పెగెరో, కకాతా, 1952–2023" అని.

ఈ వారం ఒక వింత జరిగింది. అమెరికాలో అయోవా అనే చోటి నుంచి హార్లన్ వాస్ అనే పెద్దమనిషి నాకు రాశాడు. నాన్న పోయిన సంగతి ఇంటర్నెట్‌లో చూశాడట. అక్కడ ముప్పై నలభై మంది అభిమానులు ఉన్నారట, ఇలాంటి పేరు లేని ఆటగాళ్లనే గుర్తుపెట్టుకుంటారట! ఆయన మాటల్ని తర్జుమా చేయించాను:

"అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆటగాళ్ల బొమ్మల కార్డులు అరవై మందికి పోస్టులో పంపాను, సంతకం చేసి తిప్పి పంపమని. పెద్ద పెద్ద వాళ్లెవరూ పలకలేదు. లియోన్సియో పెగెరో ఒక్కడే పంపాడు. అది కూడా తొందరలో గీకిన గీత కాదు. బళ్లో పిల్లవాడు పరీక్షకి రాసినట్టు ప్రతి అక్షరం కుదురుగా రాశాడు. అంత ఓపిగ్గా తన పేరు రాసుకున్న మనిషి మంచివాడై ఉంటాడని అప్పుడే అనుకున్నాను. యాభై ఏళ్లుగా ఆ కార్డు నా బల్ల మీదే ఉంది."

చదువుతూ ఏడ్చాను. కార్డు ఫొటో కూడా పంపాడు, నీకు పంపుతున్నా. పుస్తకం అట్ట మీద ఇదే.

అత్త


పాల్మా సోలా, మార్చి 20

నెరేయిదా అత్తకి

అది మా తాత రాత.

నువ్వు టీచరువి కదా, రాతలు గుర్తుపడతావు కదా. ఆ మొదటి అక్షరం చూడు. కింద గాలంలా వంకర తిరిగి పైకి లేచింది. మా షాపులో పంక్చర్ వేసిన ప్రతి ట్యూబు మీదా తాత సుద్దముక్కతో పేరు రాస్తాడు, ఎవడైనా మార్చుకుపోకుండా. లియోన్సియో అని పూర్తిగా. ఊళ్లో ఒక్కడు కూడా పిలవని పేరు ట్యూబుల మీద రాసుకుంటాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నా. ఎవరి పేరో ఎప్పుడూ అడగలేదు. నిన్న నీ ఉత్తరం చదివాక, అన్న పేరు రాసుకుంటున్నాడనుకున్నా, ప్రేమకొద్దీ.

ఫోన్ చూపించా. చేతులు నూనెగా ఉన్నాయని గుడ్డకి తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. 

"ఇంకా ఉందా ఇది" అన్నాడు.

"నువ్వు రాశావా తాతా?"

"మా అన్నకి రాయడం రాదు. ఎనిమిదేళ్లకే చెరకు కొట్టడానికి పోయాడు. బళ్లోకి పంపింది నన్నే. చలికాలం ఇంటికొచ్చేటప్పుడు కార్డులు సంచీడు తెచ్చేవాడు. పెరట్లో కూచుని నేను రాసేవాణ్ణి."

"పెద్దతాత పేరు నువ్వు రాసేవాడివా?"

"నా పేరు నేను రాసేవాణ్ణి."

అత్తా, నేను ఇంత సేపు తాత మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. మొత్తం చెప్పాడు. పెద్దతాత పేరు ఫెర్మీన్. 1969లో కుర్రాళ్లని వెతికి అమెరికా వాళ్లకి చూపించే మధ్యవర్తి ఒకడు వచ్చాడంట, అబెలార్దో అని. ఫెర్మీన్‌కి ఇరవై ఒకటి. ఇరవై ఒకటంటే వాళ్లకి ముసలోడు, పదిహేడు కావాలి. మా తాతకి పదిహేడు. తమ్ముడి జనన పత్రం అన్నకిచ్చి పంపేశారు. ఫెర్మీన్ కోసం ఎవరూ వెతక్కుండా అతను నదిలో పడి చచ్చిపోయాడని రాయించాడు ఆ అబెలార్దో.

రెండేళ్లకి ఇంకో అమెరికా టీము కంపెనీ వాడొచ్చి తాత బంతి విసరడం చూశాడు. ఎడమ చేత్తో. తోన్యో చెప్పిన మొదటి చెయ్యి అది. వాడు అడిగింది ఒకటే, "కాగితం ఏది?"

లేదు. అదప్పటికే అమెరికాలో ఆడుతోంది.

మా ఇంట్లో ఎవరికీ కాగితాలు ఎందుకు లేవంటే, తుఫాన్లో కొట్టుకుపోయాయని మీరే చెప్పారు కదా. ఏ తుఫాను అత్తా? పేరు చెప్పు.

విల్కిన్


శాంతియాగో, మార్చి 22

విల్కిన్,

ముసలివాళ్ల మాటలు పట్టుకుని నన్ను నిలదీయకు. అన్నదమ్ములు ఒకరి ఉత్తరాలు ఒకరు రాసుకోవడం వింతేమీ కాదు. బాబాయి నాన్నకి రాసిపెట్టేవాడు, అది నాకూ గుర్తుంది. దాన్నిబట్టి ఇంత కథ అల్లేస్తారా?

మీ ఇంటి పైకప్పు ఎవరు వేయించారు? ఏటా బూట్లు ఎవరు తెచ్చారు? మీ నాన్న జ్వరంతో పడి ఉంటే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఎవరు? ఆ మనిషి పోయి మూడు నెలలు కాలేదు, అప్పుడే మట్టి తవ్వుతున్నావు.

పుస్తకానికి ఇంకో ఇద్దరి జ్ఞాపకాలు కావాలి. అవి పంపితే చాలు.

నెరేయిదా


పాల్మా సోలా, ఏప్రిల్ 8

నెరేయిదా అత్తకి

ఇంకో ఇద్దరి జ్ఞాపకాలు పంపలేదు. ఇది పంపుతున్నా.

నిన్న తాతని పట్నంలో జనన మరణాల ఆఫీసుకి తీసుకెళ్లా. నా పనికే. మోటారు మెకానిక్ కోర్సులో చేరతానంటే జనన కాగితం అడిగారు. నా కాగితానికి నాన్న కాగితం కావాలి. నాన్న కాగితానికి తాత కాగితం కావాలి. ఎనిమిదో తరగతిలో నన్ను పెద్ద పరీక్షకి కూర్చోనివ్వంది కూడా అందుకేగా. నాకు చదువు రాదని నువ్వే అందరికీ చెప్తావు కదా అత్తా. నన్ను పరీక్ష గదిలోకే రానివ్వలేదు.

ఆఫీసులో ఒకామె కూచుని ఉంది. పేరు చెప్పమంది. తాత చెప్పాడు, "లియోన్సియో పెగెరో, ఎవులాలియా కొడుకుని." ఆమె కంప్యూటర్లో కొట్టింది.

"ఈయన జనవరిలో చనిపోయారే."

"పోయింది వాళ్లన్నయ్య" అన్నా. ఆమెకి వినపడలేదు, మళ్లీ చెప్పా.

"అన్నయ్య పేరు?"

"ఫెర్మీన్."

మళ్లీ కొట్టింది. "ఫెర్మీన్ పెగెరో. 1969లో చనిపోయారు. ఎవులాలియాకి ఇద్దరే కొడుకులు, ఇద్దరూ లేరు. మరి ఈయనెవరు?"

"అదేగా మేం అడగడానికొచ్చింది."

"బాబూ, చచ్చిపోయినవాళ్లకి నేను కాగితం ఇవ్వలేను" అంది. పక్క సీటు వాడు నవ్వాడు. "పోన్లే తాతా, చచ్చాక లైన్లో నిలబడే ఓపికుంది నీకు" అన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది. తాత టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, తప్పు చేసినవాడిలా. ఆ టోపీ చూస్తే నాకు ఇంకా మండింది.

ఆమె మంచిదే. తర్వాత బయటికొచ్చి చెప్పింది. ఒకటే దారంట. జనవరిలో పోయినాయన కూతురు వచ్చి, మా నాన్న లియోన్సియో కాదు, ఫెర్మీన్ అని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అప్పుడు కేసు జడ్జి దగ్గరికి వెళ్తుంది. ఇంకెవరు చెప్పినా చెల్లదు.

ఆయనకి ఒక్కతే కూతురు. నువ్వే.

బోర్డు మీద మా తాత పేరు, మా తాత పుట్టిన సంవత్సరం, ఆ పక్కన మా తాత చావు చెక్కుతున్నారు. ఆయనేమో రోజూ ఆ మైదానం ముందునుంచే టైర్ దొర్లించుకుంటూ పోతాడు. గుడ్డ తీయకముందే నువ్వు రా. సంతకం పెట్టు.

విల్కిన్


శాంతియాగో, ఏప్రిల్ 17

విల్కిన్,

వారం రోజులు ఫోన్ తెరవలేదు. అబద్ధం. తెరిచాను, చదివాను, మూశాను.

నాకు తెలుసు. జనవరిలో ఆసుపత్రిలో నాన్న చెప్పాడు. "తమ్ముడి పేరు తమ్ముడికి ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. మాట సరిగా రావడం లేదు, నాకు వినపడనట్టు నటించాను. నర్సు కూడా ఉంది గదిలో. అంతకన్నా ఏం చెప్పను.

నువ్వు పదిహేడేళ్లవాడివి, నీకు తేలిగ్గా ఉంది. నా జనన పత్రంలో తండ్రి పేరు లియోన్సియో. నా డిగ్రీల మీద, ఉద్యోగం మీద, నా పిల్లల కాగితాల మీద ఆ పేరే పాకి ఉంది. ఆ ఒక్క దారం లాగితే ఏమేం ఊడతాయో నాకు తెలియదు. ఆ పదకొండు మ్యాచ్‌లూ దొంగ మ్యాచ్‌లంటారు. అయోవాలో ఆ ముసలాయన బల్ల మీద కార్డు తీసి చెత్తలో వేస్తాడు. చాగో, తతీకా, అందరూ మా నాన్నని దొంగ అంటారు. దొంగ కూతురు పిల్లలకి నీతులు చెప్పిందంటారు.

మే 14 కానివ్వు. ఆ ఒక్కరోజు ఆయనకి దక్కనివ్వు. తర్వాత ఆలోచిద్దాం.

అత్త


పాల్మా సోలా, ఏప్రిల్ 17

అత్తకి

తర్వాతంటే ఎప్పుడు. తాతకి డెబ్భై ఒకటి.

యాభై నాలుగేళ్లుగా మీ వాళ్లు తర్వాతే అన్నారు. పెద్దతాత బూట్లు తెచ్చేవాడన్నావు. నిజమే తెచ్చేవాడు. తాత ఒక్క జత కూడా తొడగలేదు, తెలుసా నీకు? మంచం కింద అన్నీ వరసగా ఉన్నాయి. నిన్న తీసి చూశా. అన్నీ కొత్తవే, తోలు పగిలిపోయింది.

పిల్లల తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్దుతావు కదా. ఇది దిద్దు.

విల్కిన్


పాల్మా సోలా, మే 15

నెరేయిదా అత్తకి

నువ్వు రాలేదు. బస్సు దొరకలేదన్నావంట. నీ పుస్తకాలు మాత్రం వచ్చాయి, రెండు పెట్టెలు. బస్సు వాటికి దొరికింది.

ఏం జరిగిందో రాస్తా. అన్నది అన్నట్టుగా రాయమని నువ్వే నేర్పావు.

పొద్దున్నే ఎండ. బ్యాండు మేళం. సంఘం ప్రెసిడెంటు మైకు పట్టుకుని, చనిపోయిన మన మహా ఆటగాడు లియోన్సియో అన్నప్పుడల్లా తాత భుజం అదిరింది. నేను పక్కనే ఉన్నా. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎడమ చేయి జేబులోంచి తీయలేదు. ట్యూబు గరుకు చేసే ఆకురాయి జేబులో ఉందని నాకు తెలీదు.

గుడ్డ తీశారు. చప్పట్లు. తాత లేచి నడిచాడు. నిదానంగా, బోర్డు దగ్గరికి. దండ వేస్తాడనుకుని దారిచ్చారు. జేబులోంచి ఆకురాయి తీసి 2023 మీద గీకడం మొదలెట్టాడు. ఎడమ చేత్తో. అత్తా, ఆ చెయ్యి నువ్వు చూడాల్సింది.

"ముదో! ఏం పని అది? పిచ్చెక్కిందా?" అని ప్రెసిడెంటు అరిచాడు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి భుజాలు పట్టుకున్నారు.

అప్పుడు నేను అరిచాను. నాకు ఎలా వచ్చిందో తెలీదు, గొంతు మధ్యలో చీలిపోయింది కూడా.

"వదలండి! అది ఆయన పేరు!"

అందరూ నా వైపు తిరిగారు. నీ పుస్తకం అట్ట ఎత్తి పట్టుకున్నా. తాత సుద్దముక్క తీసి బోర్డు కింద రాశాడు. నిదానంగా, ప్రతి అక్షరం కుదురుగా. ఆ గాలం వంకరతో సహా. అట్ట మీదున్నదీ బోర్డు మీదున్నదీ ఒకటే.

"నేను చావలేదు" అన్నాడు. అంతే.

దోన్యా తతీకా లేచింది. అట్ట దగ్గరికి ముఖం పెట్టి చూసింది, బోర్డు చూసింది.

"నేను వద్దన్నవాడి పేరు కూడా నాకు సరిగా చెప్పలేదన్నమాట వెధవ" అంది. నవ్వలేదు ఎవరూ. ఆవిడా నవ్వలేదు.

వెనకనుంచి తోన్యో అడిగాడు, కళ్లు లేవు కదా, "ఏం రాశాడు? ఎవరైనా చెప్పండ్రా." చాగో చదివాడు, గట్టిగా. "లియోన్సియో పెగెరో." తోన్యో కర్ర నేలకేసి కొట్టి, "ఇప్పటికి వచ్చావా ఆటలోకి!" అన్నాడు.

అబెలార్దో చేసిందంతా తోన్యో అందరికీ చెప్పాడు. అయినా కకాతాని ఎవరూ దొంగ అనలేదు. నువ్వు భయపడ్డావే, అది జరగలేదు. అబెలార్దోని తిట్టారు, వాడి తల్లిని తిట్టారు. కంపెనీ వాళ్లని తిట్టారు. నిన్ను తిట్టారు. "ఆ టీచరమ్మకి తెలీదా?" అనడిగారు నన్ను. తెలీదని చెప్పా.

నీ కోసం అబద్ధం ఆడా. ఇదే చివరిది. ఇంక ఆడను.

విల్కిన్


శాంతియాగో, మే 18

విల్కిన్,

పుస్తకాలు ఎవరికీ పంచకు, మొదటి పేజీలో పేరే తప్పు. అయోవా పెద్దాయనకి నిన్న అంతా రాశాను. ఆయన జవాబు ఒక్క వాక్యం: "అయితే సంతకం చేసినాయన బతికే ఉన్నారన్నమాట, ఆయనకి నా ధన్యవాదాలు చెప్పండి." చెప్పు.

సోమవారం మొదటి బస్సుకి వస్తున్నాను. నిజంగా. టికెట్ ఫొటో పెట్టాను, నువ్వు నమ్మవని.

బాబాయి ముఖం చూడగలనో లేదో తెలియదు. ముందు ఆఫీసుకి వెళ్దాం, ఆ తర్వాత ఇంటికి.

ఇట్లు,
ఫెర్మీన్ పెగెరో కూతురు
నెరేయిదా


పాల్మా సోలా, మే 20

నెరేయిదా అత్తకి

టికెట్ చూశా. నమ్మలేదు, అయినా తాతకి చెప్పా.

ఆఫీసు సోమవారం ఎనిమిదికి తెరుస్తారు. ఆ ఆఫీసామెని అడిగా, జడ్జి దాకా వెళ్లి తిరిగి రావడానికి ఏడాది పట్టొచ్చంట. పట్టనీ.

అయోవా ఆయన మాట తాతకి చదివి వినిపించా. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివా. మంచం కిందనుంచి ఒక జత బూట్లు తీసి, పగిలిన తోలుకి నూనె రాస్తున్నాడు. సోమవారానికంట.

నాకు నీ మీద కోపం పోలేదు. వచ్చాక కూడా ఉంటుంది. నీతో మాట్లాడకపోతే ఏమీ అనుకోకు, నేను ఎవరితోనూ మాట్లాడను కదా.

ఆలస్యం చేయకు. ఆయన ఆ బూట్లలో ఎక్కువసేపు నిలబడలేడు.

విల్కిన్
ఇంటిపేరు ఖాళీగా వదిలా, నువ్వొచ్చి సంతకం పెట్టాక రాస్తా